ఇరవై కిలోమీటర్లు, పద్నాలుగు వేల ఏడువందల కుదుపులు

అచ్చంపేట దిక్కు నుంచి కొండెక్కి, మన్ననూరు మీదుగా అమ్రాబాద్ చేరే దారిని ఒక్కసారి బస్సు లేకుండా ఊహించుకోండి. దాదాపు రెండు వేల అడుగుల ఎత్తున పరుచుకున్న పీఠభూమి, రాళ్లు తేలిన బాట, ఒక గుర్రం, దాని మీద మీరు. లెక్క సులువుగా ఉండడానికి ప్రయాణం 20 కిలోమీటర్లు అనుకుందాం.

గుర్రాన్ని దాని మానాన నడవనిస్తే గంటకు ఆరున్నర కిలోమీటర్లు పోతుంది. అంటే మూడు గంటల పైమాటే. తొందరగా పోవాలని అదిలిస్తే ట్రాట్ అందుకుంటుంది, అంటే ఐమూలగా ఉన్న రెండేసి కాళ్లను జోడీగా వేస్తూ ఎగిరెగిరి పడే పరుగు. ఆ పరుగులో గంటకు 13 కిలోమీటర్లు. గంటన్నరలో ఊరు చేరతారు. చేరతారు గానీ మర్నాడు పొద్దున మంచం దిగలేరు. ట్రాట్‌లో గుర్రం నిమిషానికి ఇంచుమించు 80 అంగలు వేస్తుంది. ఒక్కో అంగలో రెండుసార్లు గాల్లోకి లేచి రెండుసార్లు నేల మీద పడుతుంది. నిమిషానికి 160 కుదుపులు. 92 నిమిషాలకు లెక్కేస్తే సుమారు 14,700. ఇన్నిసార్లు జీను మిమ్మల్ని పైకి విసురుతుంది, ఇన్నిసార్లు మీరు జీను మీద పడతారు. వెన్నెముకకు ఇది చిన్న సంఖ్య కాదు.

ఇవే 20 కిలోమీటర్లను గంటకు 15 చొప్పున 80 నిమిషాల్లో దాటించి, కుదుపుల లెక్కను సున్నాకు దగ్గరగా తెచ్చే గుర్రాలున్నాయి. వాటికి రెక్కల్లేవు, కీలుగుర్రాలు కావు. మామూలు గుర్రాలకున్న నాలుగు కాళ్లే వీటికీ ఉంటాయి. తేడా అంతా ఒక కాలికీ ఇంకో కాలికీ మధ్య సెకనులో పదోవంతు అటూఇటూ ఉండే విరామంలో ఉంది.

నమ్మకం కుదరకపోతే బల్ల మీద వేళ్లతో వాయించి చూడండి. రెండు చేతుల చూపుడువేళ్లు ముందుకాళ్లు, నడిమివేళ్లు వెనకకాళ్లు. ఎడమ వెనక, ఎడమ ముందు, కుడి వెనక, కుడి ముందు అని ఒకదాని తర్వాత ఒకటి సమంగా కొట్టండి. త, క, ధి, మి. ఇది నడక. అంగకు నాలుగు దెబ్బలు, ఎప్పుడు చూసినా నేల మీద రెండో మూడో కాళ్లుంటాయి. ఇప్పుడు ఎడమ వెనక కాలిని కుడి ముందు కాలితో కలిపి కొట్టండి, తర్వాత మిగిలిన రెండూ కలిపి. దెబ్బలు రెండే, మధ్యలో ఖాళీ. ఇది ట్రాట్. ఇక ఎడమ వెనక కాలు ఒక్కటి, తర్వాత కుడి వెనక ఎడమ ముందు కాళ్లు కలిసి, చివరికి కుడి ముందు కాలు. త, కి, ట, ఆపైన ఓ చిన్న మౌనం. ఆ మౌనంలో గుర్రం గాల్లో ఉంటుంది. ఇది క్యాంటర్, గంటకు 16 నుంచి 27 కిలోమీటర్లు. ఇందులో కలిసి పడిన ఆ నడిమి జంట కాస్త విడిపోయి నాలుగు దెబ్బలైతే గ్యాలప్, మన మాటలో దౌడు. గంటకు 40 నుంచి 48 దాకా. రికార్డు మాత్రం ఇంకా పైన ఉంది. 2008లో అమెరికాలో విన్నింగ్ బ్రూ అనే రెండేళ్ల ఆడగుర్రం 402 మీటర్లను 20.57 సెకన్లలో దాటింది. గంటకు 70.76 కిలోమీటర్ల లెక్క. ఆ వేగంతో అమ్రాబాద్ దాకా పోవచ్చని ఆశపడకండి. నిండు దౌడు కొద్ది కిలోమీటర్లకే గుర్రం ఊపిరిని ఖర్చు పెట్టేస్తుంది. దౌడులో అంగకు ఒక శ్వాస చొప్పున ఊపిరీ కాళ్లకు కట్టుబడి నడుస్తుంది మరి.

హైదరాబాద్ శివరాంపల్లిలోని జాతీయ పోలీస్ అకాడమీలో స్వారీ నేర్చుకునే ఐపీఎస్ శిక్షణార్థులైనా, గోషామహల్ అశ్వదళం పోలీసులైనా పాఠం మొదలుపెట్టేది ఈ నాలుగింటితోనే. వాక్, ట్రాట్, క్యాంటర్, గ్యాలప్. మాటలు ఇంగ్లిషువే అయినా మైదానంలో అవి ఎప్పుడో మనవైపోయాయి.

తెలుగువాళ్ల చెవికి గుర్రపు నడక కొత్తేమీ కాదు. మన ఛందస్సులో రగడలకు జంతువుల నడకల పేర్లు పెట్టుకున్నాం. హయప్రచార రగడలో పాదానికి మూడు మాత్రల గణాలు నాలుగు, మొత్తం 12 మాత్రలు. తురగవల్గన రగడలో అవే గణాలు ఎనిమిది, 24 మాత్రలు. ఏనుగు నడక పేరున్న ద్విరదగతికి అయిదు మాత్రల గణాలు. హరిణగతికీ వృషభగతికీ మూడూ నాలుగూ కలిసిన ఏడు. గుర్రం పేరు నేరుగా పెట్టుకున్న రెండు రగడలూ మూడు మాత్రల నడకలోనే పడడం కాకతాళీయం అని నాకనిపించదు. ఏ లాక్షణికుడో కోట గోడ పక్కన నిలబడి క్యాంటర్‌లో పోయే గుర్రం తకిట విని ఉంటాడు. ఇది నా ఊహే, శాస్త్రం కాదు. కానీ నాలుగు దెబ్బల చతురశ్రంలో నడిచే జంతువుకు మూడు దెబ్బల త్రిశ్రం అంటగట్టడానికి అంతకంటే మంచి కారణం నాకు దొరకలేదు.

సరే, విరామాల దగ్గరికి వద్దాం. నాలుగు కాళ్లు ఒక్కొక్కటిగా నేల మీద పడాలంటే ఎన్ని క్రమాలున్నాయి? ఒక కాలిని మొదటిదిగా పట్టుకుంటే మిగతా మూడూ ఆరు రకాలుగా రావచ్చు. ఆరే. మామూలు నడకకు గుర్రం వాటిలో ఒక్కదాన్నే ఎంచుకుంది. వెనక కాలు, అదే పక్క ముందు కాలు, అవతలి వెనక కాలు, అవతలి ముందు కాలు. విచిత్రమేమిటంటే ఐస్‌లాండ్ గుర్రం టోల్ట్, పెరూ గుర్రం పాసో యానో, కొలంబియా వాళ్లు ప్రాణంగా చూసుకునే పాసో ఫినో, టెన్నెసీ గుర్రపు రన్నింగ్ వాక్, కెంటకీ గుర్రపు ర్యాక్, అన్నీ ఈ ఒక్క క్రమంలోనే నడుస్తాయి. వరుస మారదు. మారేది సమయం.

ఆ సమయాన్ని రెండు అంకెల్లోకి కుదించినవాడు మిల్టన్ హిల్డెబ్రాండ్ అనే అమెరికా జంతుశాస్త్రజ్ఞుడు. 1965లో సైన్స్ పత్రికలో రాసిన వ్యాసంలో గుర్రపు సమగతులన్నింటినీ, అంటే కుడి ఎడమ కాళ్లు సమాన విరామాల్లో పడే నడకలన్నింటినీ, ఒక పటం మీద పెట్టాడు. మొదటి అంకె, అంగ మొత్తంలో ఒక కాలు ఎంతసేపు నేల మీద ఉంటుందన్నది. యాభై శాతానికి మించితే నడక, తగ్గితే పరుగు. రెండో అంకె ఇంకా ముఖ్యం. వెనక కాలు పడ్డాక అదే పక్క ముందు కాలు అంగలో ఎన్నో శాతం దగ్గర పడుతుందన్నది అది చెబుతుంది.

ఈ రెండో అంకెను పాత రేడియో మీద స్టేషన్ తిప్పే ముల్లులా ఊహించుకోండి. ముల్లు సున్నా దగ్గర ఉంటే ఒకే పక్క ముందూ వెనకా కాళ్లు కలిసి పడతాయి. ఒంటె నడక అదే. గుర్రాల్లో దీన్ని పేస్ అంటారు. ముల్లు 50 దగ్గరుంటే ఐమూల కాళ్లు కలిసి పడతాయి, అదే ట్రాట్. రెంటిలోనూ దెబ్బలు రెండే, రెంటిలోనూ గుర్రం గాల్లోకి లేస్తుంది. పేస్ అయితే మనిషిని పక్కలకు ఊపుతుంది, ట్రాట్ పైకీ కిందికీ. సరిగ్గా మధ్యలో, 25 దగ్గర ముల్లు నిలిస్తే నాలుగు కాళ్లూ నాలుగు సమాన విరామాల్లో పడతాయి. ఏ క్షణంలోనూ నాలుగు కాళ్లూ కలిసి నేలను వదలవు. ఒకటి లేస్తుంటే ఒకటి దిగి ఉంటుంది. గుర్రం గాల్లోంచి పడేది లేదు కనక రౌతుకు కుదుపూ లేదు. నల్లేరు మీద బండి నడకంటే ఇదే అనుకోవాలి. ఐస్‌లాండ్‌లో నిండు గ్లాసు చేత్తో పట్టుకుని టోల్ట్‌లో స్వారీ చేసి, చుక్క ఒలకలేదని చూపించడం సరదా పోటీ. అక్కడ గ్లాసులో బీరు పోస్తారు. మనమైతే మజ్జిగ పోసుకోవచ్చు.

మిగతా నడకలు ఈ మూడు గీతల మధ్య ఖాళీల్లో కాపురముంటాయి. సున్నాకూ 25కూ మధ్య ఎక్కడైనా ముల్లు ఆగితే పక్కజోడు కాస్త విడిపోయిన నడక. దెబ్బలు నాలుగే గానీ రెండు దగ్గరగా, రెండు దూరంగా వినిపిస్తాయి. బ్రెజిల్‌లోని మంగలార్గా మార్షాడోర్ జాతి గుర్రాల మార్షా పికాడా ఈ వైపుది. 25కూ 50కూ మధ్య ఆగితే ఐమూల జోడు విడిపోయిన నడక. అదే బ్రెజిల్ గుర్రపు మార్షా బటీడా, మిస్సోరీ గుర్రపు ఫాక్స్ ట్రాట్ ఇక్కడుంటాయి. ఫాక్స్ ట్రాట్‌లో ముందు కాలు ఒక పిసరు ముందే పడి, ఐమూలలోని వెనక కాలు దాని వెనకే జారుతున్నట్టు వస్తుంది. అంటే ముందు సగం నడుస్తుంటే వెనక సగం పరిగెత్తుతున్నట్టు కనిపిస్తుంది. చూడ్డానికి నవ్వొస్తుంది, కూర్చుంటే హాయి.

కాబట్టి గుర్రానికి ఎన్ని నడకలు అన్న ప్రశ్నే కొంచెం తప్పు. రేడియో ముల్లుకు ఎన్ని చోట్లున్నాయని అడిగినట్టు. ఏ చోటికి పేరు పెట్టుకోవాలో ఆయా దేశాలు నిర్ణయించుకున్నాయి, అంతే. అయినా మనుషులకు లెక్క కావాలి, చూడగా చూడగా చాలాచోట్ల ఆ లెక్క అయిదు దగ్గరే ఆగడం తమాషా.

మన అమరకోశం తీసుకోండి. వీధిబడుల్లో పిల్లలు వల్లెవేసిన ఆ నిఘంటువు రెండో కాండ క్షత్రియవర్గంలో గుర్రపు గతులు అయిదని చెప్పి, వాటికి ధారలని పేరు పెట్టింది. ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం. వీటిని ఈనాటి ట్రాట్‌కూ క్యాంటర్‌కూ ఒకటికొకటి జతపెట్టబోతే కుదరదు. ప్లుతం అంటే దూకు, వల్గితం అంటే ఎగిరెగిరి పోవడం అని మాటలోనే తెలుస్తుంది గానీ మిగతావి వ్యాఖ్యాతల చేతుల్లో తలో రకంగా ఒదుగుతాయి. ఐస్‌లాండ్ వాళ్లు అయిదు నడకల గుర్రం అన్నప్పుడు నడక, ట్రాట్, దౌడులకు టోల్ట్‌నూ ఎగిరే పేస్‌నూ కలుపుతారు. ఆ పేస్‌లో గుర్రం గంటకు 48 కిలోమీటర్ల దాకా అందుకుంటుంది. అమెరికాలో శాడిల్‌బ్రెడ్ గుర్రాల పోటీల్లో అయిదు నడకలంటే నడక, ట్రాట్, క్యాంటర్, స్లో గెయిట్, ర్యాక్. చివరి రెండూ నేర్పితే గట్టిపడేవి. రాజస్థాన్ మార్వాడీ, గుజరాత్ కాఠియావాడీ గుర్రాలకు మామూలు నాలుగూ పోగా రేవాల్ అనే పక్కనడక ఒకటుంది. అక్కడా మళ్లీ అయిదే. నాలుగు అయిదులూ వేరువేరు అయిదులు. పేరు ఒకటే కావడం చూసి ఒకటే సరుకనుకుంటే మోసపోతాం.

భారతదేశంలో ఇవాళ్టికీ బతికున్న, రౌతును కుదపని సుఖనడక అంటే ఈ రేవాల్ ఒక్కటే ముందు చెప్పుకోవాలి. ఎడారిలో, ఇసుకలో పగలంతా ప్రయాణం చేసేవాళ్లు పెంచుకున్న నడక. ఇప్పుడు అక్కడ దానికి పందేలున్నాయి. ఆ పందెంలో గెలుపు వేగానిదొక్కటే కాదు. మధ్యలో గుర్రం నడక తప్పి దౌడులోకి జారితే ఓటమే. పారసీలో రాహ్‌వార్ అంటే దారికి తగిన గుర్రం, సుఖంగా నడిచే గుర్రం అని. రేవాల్ ఆ మాట రూపాంతరమేనని నా నమ్మకం. రాహ్ అంటే దారి. మన రహదారిలో ఉన్నదీ అదే రాహ్. అంటే ఆ మాటలో సగం మన రోడ్ల మీద మిగిలింది, గుర్రం మాత్రం పోయింది. ఇలాంటిదే ఇంకోటి. కదం అంటే అరబ్బీలో అడుగు. సవారీ భాషలో గుర్రపు నడకకూ ఆ మాటే. జిల్లా పేపర్లో కదం తొక్కిన రైతులు అని శీర్షిక పెట్టే విలేకరికి తను గుర్రపుశాల మాట వాడుతున్నానన్న స్పృహ ఉండకపోవచ్చు.

దక్కను నేల మీద గుర్రానికి ఎంత విలువో చెప్పడానికి అంకెలకు కొదవలేదు. కాకతీయుల కాలపు శాసనాల్లో సాహిణి అనే బిరుదు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. గుర్రాలనూ అశ్వదళాన్నీ చూసుకునేవాడని అర్థం. భాస్కర రామాయణం అంకితం తీసుకున్నది సాహిణి మారన. విజయనగర రాజు ఏటా ఓర్ముజ్ గుర్రాలనూ నాటు గుర్రాలనూ కలిపి 13,000 కొంటాడని 16వ శతాబ్దపు పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. అంతకుముందు సాళువ నరసింహుడు వెయ్యి పర్దావుల బంగారానికి మూడు గుర్రాల లెక్కన కొనేవాడట. ఓడలో చచ్చిపోయిన గుర్రానికి తోక తెచ్చి చూపించినా సొమ్మిచ్చేవాడని కూడా నూనిజే చెప్పాడు. తలా 333 పర్దావులు, తోకకైనా సరే. గుర్రాల ఒళ్లూ సుళ్లూ నడకా చూసి మంచిచెడ్డలు చెప్పే శాస్త్రానికి తెలుగులో పద్యాలున్నాయి. మనుమంచిభట్టు హయలక్షణ విలాసం అటువంటి గ్రంథమే.

అయితే ఆ డబ్బంతా సుఖనడకకు పెట్టలేదు. కొన్నది యుద్ధానికి. సైన్యానికి కావలసింది వెయ్యి గుర్రాలు ఒకే వేగంతో ఒకే వరుసలో కదలడం. తర్వాత్తర్వాత వచ్చిన అశ్వదళాల నియమాల్లో నడకకు గంటకు 4 మైళ్లు, ట్రాట్‌కు 8 మైళ్లు అని కొలత కట్టారు. రెట్టింపు, చక్కగా సరిపోయే లెక్క. ఆ వరుసలో ఒక గుర్రం ముల్లు 25 దగ్గర పెట్టుకుని జారిపోతుంటే దళపతికి తలనొప్పి. రౌతు నడుము సంగతి సైన్యం లెక్కలో ఎన్నడూ లేదు. 14,700 కుదుపుల్లో సగమైనా తప్పించుకోవడానికి రౌతులు చేసేది ఒకటే. ఒక దెబ్బకు రికాబుల మీద లేచి, తర్వాతి దెబ్బకు కూర్చుంటారు. మన పాత కవులు అంకవన్నె అన్నది ఈ రికాబునే.

సుఖనడక కావలసింది ప్రయాణం చేసేవాడికి. మధ్యయుగపు యూరప్‌లో యుద్ధాశ్వం వేరు, ప్రయాణపు గుర్రం వేరు. పాల్‌ఫ్రీ అనే ఆ రెండోదాన్ని మెత్తని పక్కనడక కోసమే ఎంచుకునేవాళ్లు. రోడ్లు బాగుపడి బగ్గీలొచ్చాక, 17వ శతాబ్దం నాటికి అది వెనకబడిపోయింది. బండి లాగే గుర్రానికి ట్రాట్ చాలు, కుదుపు పడేది చక్రాలకు. బాట లేని చోట్లకు, రోజంతా జీను మీదే గడపాల్సిన చోట్లకు సుఖనడక వలస పోయింది. పెరూ తోటలకూ, బ్రెజిల్ పశువుల మందల వెనక్కీ, అమెరికా దక్షిణాది పొలాలకూ. టెన్నెసీలో తోట యజమాని పొద్దున్నుంచి సాయంత్రం దాకా పంట సాళ్ల మధ్య తిరిగేవాడు. అతని కోసం తయారైన గుర్రం వెనక కాలును ముందు కాలి గుర్తు దాటించి 15 నుంచి 45 సెంటీమీటర్ల ముందుకు వేస్తుంది. తల ఆడిస్తూ, జారుతున్నట్టు పోతుంది. ఆ జాతికి 1935లో సంఘం పెట్టుకున్నారు.

మన దగ్గరికొస్తే, నైజాం రాజ్యంలో దౌరా అంటే అధికారి ఊళ్ల మీదికి పోవడం. తట్టువ మీద గిర్దావర్ వస్తున్నాడంటే ఊరు సర్దుకునేది. ఆ పొట్టి గుర్రాల నడక ఎలాంటిదో కూర్చున్నవాళ్లకే తెలియాలి. అమ్రాబాద్ ఎగువన మాత్రం సరుకు మోసిన ఘనత గుర్రానిది కాదు, లంబాడీల ఎద్దులది. ఇక చెంచులకు ఏ సవారీ లేదు. 1940లో ఇక్కడికొచ్చిన మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ చెంచుల మీద 1943లో పుస్తకం అచ్చు వేశాడు. అందులో కనిపించే చెంచు జీవితమంతా కాలినడకదే.

నడక గుర్రానికి పుట్టుకతో వస్తుందా, నేర్పితే వస్తుందా? సాహిణిలు వందల ఏళ్లు వాదించుకుని ఉంటారు. 2012లో ఆ వాదానికి పెద్ద జవాబు దొరికింది. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో లీఫ్ ఆండర్సన్ బృందం 70 ఐస్‌లాండ్ గుర్రాల జన్యువులను పోల్చింది. వాటిలో 30 నాలుగు నడకలవి, 40 అయిదు నడకలవి. తేడా 23వ క్రోమోజోము మీద డీఎంఆర్‌టీ3 అనే ఒక్క జన్యువు దగ్గర తేలింది. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్ 474 పూసల దండ అనుకుంటే, ఒక్క అక్షరం మారడం వల్ల 300 పూసల దగ్గరే దారం తెగిపోతోంది. మిగిలిన 174 పూసలు రావు. ఈ ప్రోటీన్ పనిచేసేది వెన్నుపాములో, ఏ కాలు ఎప్పుడు కదలాలో ఆజ్ఞలిచ్చే నాడీకణాల్లో. తెగిన దండ ఒక ప్రతి ఉంటే టోల్ట్ వస్తుంది, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ వస్తేనే దాదాపుగా పేస్ కూడా వస్తుంది.

తర్వాత 141 జాతులకు చెందిన 4,396 గుర్రాలను పరీక్షిస్తే 68 జాతుల్లో ఈ తెగిన దండ కనిపించింది. 2016లో 90 పురాతన గుర్రాల ఎముకలు పరీక్షించినవాళ్లు ఇంకాస్త వెనక్కి పోయారు. తెగిన దండ ఉన్నవాటిలో అన్నింటికంటే పాతవి ఇంగ్లండ్‌లోని యార్క్ దగ్గర, క్రీస్తుశకం 850 - 900 మధ్యవి. ఆ వెంటనే ఐస్‌లాండ్‌లో గుంపుగా. వైకింగులు ఇంగ్లండ్ గుర్రాలను ఓడల్లో ఐస్‌లాండ్‌కు పట్టుకుపోయారని లెక్క. 982లో ఐస్‌లాండ్ సభ బయటి గుర్రాలు తేవడం నిషేధించింది. ఆ నిషేధం ఇప్పటికీ ఉంది, బయటికి పోయిన గుర్రం తిరిగి రాకూడదు. అక్కడి గుర్రాల్లో ఆ నడక అంతగా నిలవడానికి ఆ తలుపు మూసి ఉంచడం ఒక కారణం.

ఇంతకూ ఇది లాభమా నష్టమా? తెగిన దండ ఉన్న గుర్రం ట్రాట్‌లోంచి దౌడులోకి మారడానికి తడబడుతుంది. బండి కట్టి ట్రాట్ పందేలు ఆడేవాళ్లకు అదే వరం, ఎందుకంటే గుర్రం ఎంత వేగంగా పోయినా దౌడులోకి జారదు. మలక్‌పేట గుర్రప్పందేల మైదానానికి అదే శాపం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో పందేలను మౌలాలీ నుంచి మలక్‌పేటకు మార్చాడు. ఆయన మైదానంలో పనికొచ్చేది దౌడు ఒక్కటే, అక్కడ అయిదు నడకల గుర్రం ఆఖరున వస్తుంది. ఒక నడకను కలుపుకుంటే ఇంకో నడక పదును పోగొట్టుకోవాలి.

మధ్యలో పెళ్లి బరాత్ గుర్రం గురించి ఒక మాట. హైదరాబాద్ గల్లీలో మర్ఫా దరువుకు గుర్రం నిలబడ్డ చోటే కాళ్లెత్తి ఆడుతుంటే జనం దాన్నీ నడకే అనుకుంటారు. అది ముందుకు పోని ట్రాట్, అంతే. వేగం సున్నా. కదం తొక్కడమంటే అసలు అర్థం బహుశా అదే. పెళ్లికొడుకు నడుము సంగతి మాత్రం నేను చెప్పలేను.

గుర్రం తనంతట తాను నడక ఎప్పుడు మారుస్తుందన్నదీ కొలిచారు. 1981లో హోయిట్, టేలర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చిన్న గుర్రాలను నడిచే పట్టా మీద ఎక్కించి, అవి పీల్చే ఆక్సిజన్ కొలిచారు. ప్రతి నడకలోనూ మీటరుకు అతి తక్కువ ఖర్చయ్యే వేగం ఒకటుంది. వదిలేస్తే గుర్రాలు సరిగ్గా ఆ వేగాల దగ్గరే తిరుగుతాయి, మధ్య వేగాలను వాడవు. పదేళ్ల తర్వాత ఫార్లీతో కలిసి టేలర్ చేసిన ప్రయోగం ఇంకో సంగతి బయటపెట్టింది. ట్రాట్‌లోంచి దౌడులోకి మారే ఘడియ ఆక్సిజన్ లెక్కతో కాదు, కాళ్ల మీద పడే బలంతో నిర్ణయమవుతుంది. వీపు మీద బరువు పెడితే గుర్రం ఇంకా తక్కువ వేగంలోనే నడక మార్చేసింది. అంటే రౌతుకు పడే కుదుపు తను ఒక్కడే అనుభవించడం లేదు. కింద గుర్రం కూడా అదే లెక్క కడుతోంది.

ఈ అంకెలన్నీ చదునైన నేల మీదివి, ప్రయోగశాల పట్టా మీదివి. అమ్రాబాద్ ఎగువన ఫర్హాబాద్ దాటి, రాయి జారే వాగుల వైపు దిగేటప్పుడు ముల్లు 25 దగ్గరున్న గుర్రమైనా, మార్వాడీ రేవాల్ అయినా చేసేది ఒకటే. తల కిందికి వేసి, ఒక్కో గిట్టనూ చూసి చూసి పెడుతుంది. నాలుగు దెబ్బలు, మధ్యలో పొడవాటి విరామాలు. బరువులో అరవై శాతం దాకా మామూలుగానే ముందుకాళ్ల మీద ఉంటుంది, దిగుడులో అది ఇంకా పెరుగుతుంది. తెలిసిన రౌతు అక్కడ జీను దిగి, కళ్లెం చేత పట్టుకుని ముందు నడుస్తాడు. అప్పుడు వేగం గంటకు నాలుగు కిలోమీటర్లు, అది గుర్రం లెక్క కూడా కాదు, మనిషిది.